జీరో టికెట్

చెనాయ్ ట్రేడ్ సెంటర్ రెండో అంతస్తులో
గ్రాఫిక్స్ కార్డుని పాత బనియన్‌తో తుడుస్తూ
"మైనింగుల నడిచింది కాదు మేడమ్, అమ్మతోడు" అన్నాడు.
నమ్మలేదు. కొన్నాను.
మూడు నెలల ఓవర్‌టైం, ఒక జత కమ్మలు
ఆ నల్లపెట్టెలోకి వెళ్ళిపోయాయి.

మలక్‌పేటలో నా గదికి ఒకటే కిటికీ.
బియ్యం డబ్బా పక్కన కేబినెట్ పెట్టాక
చాప ఐమూలగా పరుచుకోవాల్సి వచ్చింది.
ఫ్యాన్లు తిరగడం మొదలైతే
కింది వాటాలోని నసీమున్నీసా ఖాలా
పిండిగిర్ని పెట్టినవా బిడ్డా అని అడిగింది.

పగలంతా డయాగ్నస్టిక్ సెంటర్లో
పరగడుపున వచ్చినవాళ్ళ మోచేతి మడతల్లో
నరం వెతుకుతాను.
నా మొహం ఎవరూ చూడరు.
సూది వైపో, గోడ మీది క్యాలెండర్ వైపో చూస్తారు.
మర్నాడు మళ్ళీ వచ్చినా గుర్తుపట్టరు.
తప్పు పట్టను.

రాత్రి పదకొండున్నరకి హెడ్‌సెట్ తగిలించుకుంటే
ముగ్గురు నన్ను పేరుతో పిలుస్తారు.
అసలు పేరు కాదు,
"సూదిమందు" అని నేను పెట్టుకున్నది.
యాకుత్‌పురా నుంచి జుబేర్, వెనక ఎప్పుడూ కుట్టుమిషన్ చప్పుడు.
బొల్లారం నుంచి ఇమ్మానుయేలు, సగం మాటలు రైలు తినేస్తుంది.
ఇంకొకరు "ఆఖరి బస్సు".
ఇల్లెక్కడో చెప్పడు, వయసు చెప్పడు.
దగ్గు మాత్రం యాభై దాటింది.

ఆ ఆటలో ఏముందే అంటుంది మా ల్యాబ్‌లో పరిమళ.
ఏం చెప్పను?
మే నెలలో, గోడలు కాలుతున్న రాత్రి,
నలుగురం మంచు కురిసే ఊళ్ళో నడుస్తాం.
వంతెన దగ్గర నేను పడిపోతాను.
రక్తం నాదే. ఏ ట్యూబులోనూ పట్టక్కర్లేదు.
అప్పుడు ఆఖరి బస్సు,
ఇంకో పదడుగులు వేస్తే గెలిచేవాడు,
వెనక్కి తిరుగుతాడు.
మోకాలి మీద కూర్చుని
ఎనిమిది సెకన్లు నా మీద చెయ్యి పెడతాడు.
చుట్టూ తూటాలు.
ఎనిమిది సెకన్లంటే ఎంతసేపో
సిగ్నల్ పచ్చబడకముందే హారన్లు కొట్టే ఊళ్ళో
బతికేవాళ్ళకు తెలుస్తుంది.
నేను లేవగానే అంటాడు,
"రైట్... రైట్."

మొన్న శనివారం
దిల్‌సుఖ్‌నగర్ వైపు బస్సు, ఫుట్‌బోర్డు దాకా జనం.
శాంపిళ్ళ డబ్బా నెత్తి మీదికెత్తి
ఒంటికాలి మీద నిలబడ్డాను.
వెనక ఎక్కడో ఒక దగ్గు.
"జరగాలె, ముందుకు జరగాలె, లోపల ఖాళీ ఉంది."
లోపల చీమకి కూడా చోటు లేదు.
కానీ ఆ మాట నాకు తెలుసు.
గోడౌన్ మెట్ల మీద, చీకట్లో,
ముందు తానే తలుపు తోసి చూసి
మమ్మల్ని రమ్మన్నప్పుడు విన్నాను.

నెరిసిన మీసం. చంకలో తోలు సంచి.
ఆధార్ చూపించమ్మా అన్నాడు.
కార్డు మీది మొహం చూశాడు, నా మొహం చూశాడు.
మిషన్ కిర్రుమని జీరో టికెట్ ఇచ్చింది.

చెబుదామనుకున్నాను.
సూదిమందుని నేనే అని ఇంతమందిలో ఎలా అనడం,
అందరూ నన్ను నర్సమ్మ అనుకోరూ!
మూసారాంబాగ్ వచ్చింది.
ఒక ముసలామె మెట్టు మీద తడబడింది.
ఆయన చెయ్యి అందించాడు.
ఆమె రెండో కాలు నేలకి ఆనేదాకా
రైట్ అనలేదు.
వెనక బస్సు, ఆటోలు, ఊరంతా హారన్.
నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను,
ఐదు దగ్గర లెక్క తప్పింది.

ఆ రాత్రి ఆలస్యంగా వచ్చాడు.
"డ్యూటీల లేటయింది."
జుబేర్ తిట్టాడు. ఇమ్మానుయేలు ఏదో అన్నాడు, రైలు పోయింది.
నా కీబోర్డుకి ఒక కాలు విరిగి చాలా రోజులైంది.
టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి
దాని కింద దూర్చాను.
ఊగడం కొంచెం తగ్గింది.

"కూర్చున్నారా?" అని అడిగాను.
"ఏందమ్మా?"
"ఏంలేదు సార్. పదండి."